పందెపు గుర్రం పోతే ఏడ్చేదెవరు, లెక్క రాసేదెవరు

రేసు మధ్యలో గుర్రం కుప్పకూలితే నిమిషాల్లో తెరలు వచ్చేస్తాయి. నలుగురైదుగురు మనుషులు పొడవాటి గుడ్డ తెరలు పట్టుకుని చుట్టూ నిలబడతారు. లోపల వెటర్నరీ డాక్టరు వంగి కాలు చూస్తుంటాడు. గ్యాలరీలో ఉన్నవాళ్ళకు ఆ గుడ్డ తప్ప ఇంకేమీ కనిపించదు. తెర కట్టారంటే గుర్రం పోయినట్టేనని కాదు. డాక్టరు పని గోల లేకుండా సాగడానికి, గుర్రం ఇంకా బెదరకుండా ఉండడానికి కూడా కడతారు. అయినా ఏళ్ల తరబడి రేసులు చూసినవాళ్ళకు ఆ తెర లేవగానే గుండె జారిపోతుంది. కాసేపటికి ట్రాక్ ఖాళీ అవుతుంది. తర్వాతి రేసు గుర్రాలు గేటు వైపు నడుస్తాయి.

పందెపు గుర్రాల చావు గురించి మాట్లాడుకోవడం కష్టం కావడానికి సగం కారణం ఈ వేగమే. ఏడవడానికి టైమ్ ఉండదు. మిగతా సగం కారణం, ఏడ్చే హక్కు ఎవరిదో తేలకపోవడం. పరిగెత్తించినవాళ్ళే ఏడిస్తే అది దొంగ ఏడుపని బయటివాళ్ళు అంటారు. ఆ గుర్రాన్ని ఎప్పుడూ తాకని అభిమాని ఏడిస్తే వింతగా చూస్తారు. నిజంగా తాకిన మనిషిని ఎవరూ అడగరు.

ఆ మనిషి సైసు, లాయంలో గుర్రాల బాగోగులు చూసే పనివాడు. ఒక్కో సైసు చేతి కింద సాధారణంగా మూడు నాలుగు గుర్రాలుంటాయి. తెల్లవారకముందే లాయంలోకి వెళ్ళి ముందుగా దాణా తొట్టి చూస్తాడు. రాత్రి పెట్టింది మిగిలి ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. తర్వాత కింద కూర్చుని మోకాలి నుంచి గిట్ట దాకా అరచేతితో నిమురుకుంటూ వస్తాడు. ఒక కాలయ్యాక ఇంకో కాలు. ఎక్కడైనా వేడి తగులుతోందా, వాపు ఉందా, నొక్కితే గుర్రం కాలు లాక్కుంటోందా అని చూస్తాడు. ఎక్స్‌రే తీయడానికి చాలా ముందే ఏ కాలు బాగోలేదో ఆ అరచేతికి తెలుస్తుంది. అలా నెలల తరబడి రోజూ నిమిరిన కాలు ఒక మధ్యాహ్నం ట్రాక్ మీద విరిగిపోతుంది. సాయంత్రానికి అతనికి మిగిలేది ఖాళీ హాల్టరు (గుర్రం తలకు కట్టే పట్టీ), దాని మీద ఇత్తడి రేకులో గుర్రం పేరు, గోడకు వేలాడే గడ్డి వల, సగం నీళ్ళున్న బకెట్టు. పక్క స్టాల్ గుర్రం మాటిమాటికీ సకిలిస్తూ ఆ వైపే చూస్తుంటుంది. కొన్నాళ్ళకు అదే స్టాల్‌లోకి ఇంకో గుర్రం వస్తుంది. ఇత్తడి రేకు మారుతుంది, పని మారదు.

సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖాన్ని అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1980ల చివర్లో ఒక ప్రత్యేకమైన రకంగా వర్గీకరించాడు. పలకరింపుకు ఎవరూ రారు, సెలవు దొరకదు, కర్మకాండ ఉండదు. బాధ మాత్రం ఉంటుంది. లాయంలో దానికి ఇంకొకటి తోడవుతుంది. నిన్న పొద్దున ఆ కాలు కొంచెం వేడిగా ఉందా? ఉంటే ఎందుకు చెప్పలేదు? చెప్తే ట్రైనర్ విన్నాడా? ఈ ప్రశ్నలు సైసును చాలాకాలం వదలవు. జాకీ సంగతి ఇంకో రకం. కింద పడ్డవాడు లేచి దుమ్ము దులుపుకుని, దెబ్బలు పెద్దవి కాకపోతే, అదే రోజు ఇంకో గుర్రం ఎక్కుతాడు.

కాలు విరిగితే కట్టు కట్టకూడదా, చంపడమెందుకు? కొత్తగా చూసే ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్నే. జవాబు గుర్రం ఒంటి తీరులో ఉంది. పందెపు గుర్రం 450 నుంచి 500 కిలోలు తూగుతుంది, గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. దౌడులో ఒక్కో అంగలో ఒక క్షణం పాటు మొత్తం భారం ఒకే ముందు కాలి మీద పడుతుంది. ఆ క్షణంలో ఆ కాలు మోసేది శరీరం బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. మోకాలి కింద కండ అన్నది లేదు. ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న స్నాయువులు, పైన పలుచటి చర్మం, అంతే. కండ లేదు కాబట్టి రక్తప్రసరణ తక్కువ. విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకుని ఇసుకలోకి దిగిందంటే ఇన్‌ఫెక్షన్ ఖాయం. రక్తనాళాలు తెగిపోతే అతకడానికి ఏమీ మిగలదు.

ఒకవేళ ఎముక అతికే స్థితిలోనే ఉందనుకున్నా అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. మనిషి కాలు విరిగితే ఆరు వారాలు మంచమెక్కుతాడు. గుర్రానికి అది కుదరదు. గుర్రం ఎక్కువసేపు పడుకుంటే దాని బరువే దాని ఊపిరితిత్తుల్ని, పేగుల్ని, కండరాల్ని నలిపేస్తుంది. కాబట్టి మిగిలిన మూడు కాళ్ళ మీద నిలబడాల్సిందే. నొప్పి లేని కాలు మీదే రాత్రీ పగలూ భారం వేస్తుంది. అప్పుడు ఆ మంచి కాలి గిట్టకు లామినైటిస్ వస్తుంది. గిట్ట లోపల ఎముకను బయటి డొప్పకు పట్టి ఉంచేవి 550 నుంచి 600 దాకా సన్నటి రేకుల్లాంటి కణజాలాలు. రక్తం సరిగా అందక అవి ఊడిపోతే ఎముక గిట్ట లోపల కిందికి జారుతుంది. ఆ నొప్పికి చాలిన మందు లేదు. విరిగిన కాలు బాగుపడుతూండగా బాగున్న కాలు గుర్రాన్ని తీసుకుపోతుంది.

ఇది పుస్తకాల్లో రాసుకున్న భయం కాదు. 1978 జనవరిలో జపాన్‌లో టెన్‌పాయింట్ అనే గుర్రం వెనక కాలు రేసులో విరిగింది. అంతకు కొన్ని వారాల ముందే అరిమా కినెన్ అనే పెద్ద రేసు గెలిచిన గుర్రం. మామూలుగా అయితే అక్కడికక్కడే సూది వేసేవారు. కానీ ఎలాగైనా బతికించమని అభిమానులు వేడుకున్నారు. డాక్టర్ల బృందం ఆపరేషన్ చేసింది. 43 రోజులు పోరాడాక మార్చి 5న అది చనిపోయింది. లామినైటిస్ వచ్చింది, ఒళ్ళంతా చిక్కిపోయింది.

అంతకు మూడేళ్ల ముందు అమెరికాలో రఫియన్ కథ. పది రేసులు పరిగెత్తి పదీ గెలిచిన నల్లటి ఆడగుర్రం. 1975 జులై 6న బెల్మాంట్ పార్క్‌లో అమెరికాలో పెద్ద రేసైన కెంటకీ డెర్బీని ఆ ఏడాది గెలిచిన ఫూలిష్ ప్లెజర్‌తో ముఖాముఖి పందెం పెట్టారు. సగం దూరం కూడా రాకముందే కుడి ముందు కాలి సెసమాయిడ్ ఎముకలు (గిట్టకు పైనున్న కీలు వెనకుండే చిన్న ఎముకలు) పగిలాయి. జాకీ ఎంత లాగినా అది ఆగలేదు. ముందుండడమే దానికి తెలిసిన పని. గంటల తరబడి ఆపరేషన్ చేశారు. మత్తు వదులుతుండగా అది ఇంకా పరిగెత్తుతున్నట్టే కాళ్ళు కొట్టుకుంది. వేసిన కట్టు పోయింది, అతికిన ఎముక మళ్ళీ విరిగింది. ఇక లాభం లేదని తెల్లవారుజామున ప్రాణం తీశారు. వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి గుర్రానిది. తెలివి తప్పి లేవగానే దానికి తోచేది ఒక్కటే, లేచి పరిగెత్తడం.

బార్బరో అనే గుర్రం కాలానికి ఈ ఒక్క సమస్యకు దారి దొరికింది. 2006 మే 6న కెంటకీ డెర్బీ ఆరున్నర లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచి, రెండు వారాల తర్వాత ప్రీక్‌నెస్ అనే రేసు మొదట్లోనే కుడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వారి న్యూ బోల్టన్ సెంటర్‌లో సర్జన్ డీన్ రిచర్డ్‌సన్ ప్లేటు, 27 స్క్రూలు వేసి కాలు నిలబెట్టాడు. మత్తు వదిలేటప్పుడు గుర్రాన్ని నీటి కొలనులో తేలే తెప్పలో ఉంచారు. కాళ్ళు కొట్టుకున్నా తగలడానికి నేల ఉండదు. అలా ఆ గండం గడిచింది. జులైలో ఎడమ వెనక గిట్టకు లామినైటిస్ వచ్చింది. గిట్ట డొప్ప చాలా వరకు తీసేయాల్సొచ్చింది. తర్వాత ముందు కాళ్ళకూ పాకింది. 2007 జనవరి 29న ఇక చాలు అనుకున్నారు. ఎనిమిది నెలలకు పైగా సాగిన చికిత్స.

ఆ ఎనిమిది నెలలూ ఆసుపత్రి గేటు దగ్గర కార్డులు, యాపిళ్ళు, క్యారెట్లు, పూలు పోగుపడుతూనే ఉన్నాయి. ఇక్కడే ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటి అడగాలి. ఆ పోరాటం గుర్రం కోసమా, ఏడ్చేవాళ్ళ కోసమా? బార్బరో విషయంలో జవాబు కాస్త సులువు. డాక్టర్లు, యజమానులైన జాక్సన్ దంపతులు మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు: గుర్రం తింటూ, హుషారుగా ఉన్నంతకాలం ప్రయత్నం, నొప్పి తట్టుకోలేని రోజున ఆపడం. ఆపారు కూడా. టెన్‌పాయింట్ విషయంలో మాత్రం ఆ 43 రోజుల్లో చాలా రోజులు మనుషుల ఆశ కోసం గుర్రం నిలబడినట్టే అనిపిస్తుంది. ప్రేమ ఎక్కువైనచోట సూది ఆలస్యమవుతుంది. తెర వెనక నిమిషాల్లో నిర్ణయం తీసుకునే డాక్టరును కసాయిగా చూసేవాళ్ళు ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదవాలి.

జబ్బుతో పోయే గుర్రాలకు తెర కూడా ఉండదు. అది రాత్రిపూట లాయంలో జరిగే చావు. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది కోలిక్, పాత మాటలో శూల. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. లోపలికి వెళ్ళింది వెనక్కి వచ్చే దారి లేదు. 20 మీటర్లకు పైగా ఉండే చిన్నపేగు, ఎక్కడా గట్టిగా అతుక్కోకుండా కదులుతుండే పెద్దపేగు. అది మెలి తిరిగిందంటే గంటల్లో ఆపరేషన్ జరగాలి. గుర్రం మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకోవడం, నేలను కాలితో గీరడం, పడుకుని దొర్లడం, ఇవి మొదటి గుర్తులు. 2013లో కాలు విరిగినా ఆపరేషన్లు తట్టుకుని బతికిన సెయింట్ నికలస్ అబీ అనే గుర్రం 2014 జనవరిలో కోలిక్‌తో పోయింది. విరిగిన కాలిని గెలిచింది, కడుపు చేతిలో ఓడిపోయింది.

దుబాయ్ మిలీనియం కథ ఇంకో తీరు. దుబాయ్ పాలకుడు షేక్ మహమ్మద్‌కు ప్రాణంతో సమానమైన గుర్రం. దుబాయ్ వరల్డ్ కప్ గెలుస్తుందన్న నమ్మకంతో పాత పేరు తీసేసి మరీ ఆ పేరు పెట్టాడు. 2000లో అది నిజంగానే గెలిచింది. మరుసటి ఏడాది వసంతంలో, సంతతి కోసం ఉంచిన మొదటి సీజన్‌లోనే, గ్రాస్ సిక్‌నెస్‌తో చనిపోయింది. పచ్చిక మేసే గుర్రాలకు వచ్చి పేగుల్ని నడిపే నరాల్ని చంపేసే జబ్బు అది. బ్రిటన్‌లో వందేళ్లకు పైగా ఉన్నా దాని కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎంత డబ్బున్న యజమానైనా అక్కడ చేతులెత్తేయాల్సిందే. ఆ ఒక్క సీజన్ పిల్లల్లో దుబావి అనేది పుట్టింది. తర్వాత అది ప్రపంచంలోని మేలైన స్టాలియన్లలో (సంతతి కోసం ఉంచే మగగుర్రాల్లో) ఒకటైంది. రేసు ప్రపంచంలో ఓదార్పు ఎక్కువగా ఈ రూపంలోనే దొరుకుతుంది, రక్తం మిగిలిందని. రఫియన్‌కు అదీ లేదు.

పోయినవాటిని ఎలా సాగనంపుతారన్నది కూడా గుర్రం హోదాను బట్టే. అమెరికా ఫారాల్లో పాత ఆచారం ప్రకారం తల, గుండె, గిట్టలు మాత్రమే పూడ్చేవారు. తల తెలివికి, గుండె తెగువకు, గిట్టలు వేగానికి గుర్తులన్నమాట. పూర్తి శరీరం పూడ్చడం పెద్ద గౌరవం. 1989 అక్టోబరులో లామినైటిస్‌తో పోయిన సెక్రటేరియట్ అనే గుర్రానికి కెంటకీలోని క్లెయిబోర్న్ ఫారంలో ఆ గౌరవం దక్కింది. రఫియన్‌ను బెల్మాంట్ మైదానంలోనే, ముక్కు ఫినిష్ గీత వైపు ఉండేలా పూడ్చారు. ఆ రేస్‌కోర్సును తిరిగి కట్టే పని వచ్చి 2023లో అవశేషాలను క్లెయిబోర్న్‌కే మార్చారు. బార్బరో చితాభస్మం కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ గేటు దగ్గర కంచు విగ్రహం కింద ఉంది. 1932లో కాలిఫోర్నియాలో చనిపోయిన ఆస్ట్రేలియా గుర్రం ఫార్ లాప్‌ను మాత్రం మూడు మ్యూజియంలు పంచుకున్నాయి: చర్మం మెల్‌బోర్న్‌లో, 6.2 కిలోల గుండె కాన్‌బెరాలో, అస్థిపంజరం అది పుట్టిన న్యూజిలాండ్‌లో. భక్తి అనాలో, పంపకం అనాలో తెలియదు.

జపాన్ పద్ధతి వేరు. అక్కడ రేస్‌కోర్సుల్లో బటో కన్నన్ అనే గుర్రపు తల దేవత శిలలుంటాయి. మన హయగ్రీవుడే బౌద్ధంతో పాటు అంతదూరం వెళ్ళి గుర్రాల ఆత్మలకు దిక్కయ్యాడు. 1998 నవంబరు 1న టోక్యోలో టెన్నో షో రేసులో సైలెన్స్ సుజుకా అందరినీ ఎంతో వెనక వదిలేసి, మూడో మలుపు దాటాక పెద్ద చెట్టు చాటుకు వెళ్ళి, ఇవతలికి వచ్చేసరికి తడబడింది. ఎడమ ముందు కాలు విరిగింది. ఆ గుర్రం సమాధికి అభిమానులు ఇప్పటికీ వెళ్తుంటారు. బటో కన్నన్ శిలలో మెచ్చుకోదగ్గ సంగతేమిటంటే, అది గెలిచిన గుర్రాలకే పరిమితం కాదు. ఒక్క రేసూ గెలవకుండా పోయినదానికి కూడా అదే రాయి, అవే అగరొత్తులు.

మిగతాచోట్ల అలా ఉండేది కాదు. విగ్రహాలన్నీ పేరున్న గుర్రాలవి. వారం మధ్యలో, ఖాళీ గ్యాలరీ ముందు, చిన్న బహుమతి రేసులో పడిపోయిన గుర్రం గురించి పేపర్లో ఒక లైను కూడా వచ్చేది కాదు. దాని చావు ఎక్కడైనా నమోదైందా అంటే, చాలాకాలం చాలాచోట్ల లేదు. కాలిఫోర్నియా 1990లో ఒక పని మొదలుపెట్టింది. రాష్ట్ర రేస్‌ట్రాక్‌ల పరిధిలో చనిపోయిన ప్రతి గుర్రానికీ శవపరీక్ష. పేరుతో, ధరతో, గెలుపులతో పనిలేదు. అప్పుడు తేలిన సంగతి పరిశ్రమ నమ్మకాల్ని తలకిందులు చేసింది. కాలు విరగడం ఎక్కువసార్లు తప్పటడుగు వల్లో, గుంట వల్లో జరిగే ఆకస్మిక ప్రమాదం కాదు. విరిగినచోటే అంతకుముందు నుంచి సన్నటి దెబ్బ ఉంది. రోజూ శిక్షణలో ఎముకలో పుట్టే సూక్ష్మమైన పగుళ్ళను శరీరం బాగుచేసుకుంటూ వస్తుంది. బాగుచేసే వేగం కంటే పగిలే వేగం ఎక్కువైతే ఒకరోజు ఎముక చేతులెత్తేస్తుంది. చాలా గుర్రాల్లో విరగని రెండో కాలులోనూ అదేచోట అలాంటి గుర్తే కనిపించింది.

ఖర్మ కాలి జరిగిందని అనుకున్నంతకాలం ఏడవడమొక్కటే చేయగలిగేది. వారాల ముందే మొదలైందని తెలిశాక ఆ ఏడుపు స్వభావమే మారిపోతుంది.

మార్పు అయితే వెంటనే రాలేదు. 2008లో ఎయిట్ బెల్స్ అనే ఆడగుర్రం కెంటకీ డెర్బీలో రెండో స్థానంలో వచ్చి, గీత దాటాక రెండు ముందు కాళ్ళూ విరిగి పడిపోయింది. టీవీలో లక్షలాది మంది చూస్తున్న రేసు అది. ఆ ఏడాదే అమెరికన్ జాకీ క్లబ్ గాయాల డేటాబేస్ మొదలుపెట్టింది. 2009 లెక్క ప్రకారం ప్రతి వెయ్యి పరుగులకు (ఒక గుర్రం ఒక రేసులో దిగితే ఒక పరుగు) రెండు చావులు. 2018 డిసెంబరు 26 నుంచి ఆరు నెలల సీజన్‌లో కాలిఫోర్నియాలోని ఒక్క శాంటా అనీటా ట్రాక్‌లోనే 30 గుర్రాలు పోయాయి. ఆ తర్వాత పరీక్షలు పెంచారు, రూల్స్ బిగించారు. అయినా అదే ఏడాది నవంబరులో అక్కడ జరిగిన బ్రీడర్స్ కప్ చివరి రేసులో మంగోలియన్ గ్రూమ్ అనే గుర్రం వెనక కాలు విరిగి చనిపోయింది. నడిపించి, పరిగెత్తించి కళ్ళతో చూసే పరీక్షకు పట్టుబడని దెబ్బలుంటాయని అప్పుడు అందరికీ అర్థమైంది. డిసెంబరులో ఆ ట్రాక్‌కు పెట్ స్కాన్ యంత్రం వచ్చింది. గుర్రాన్ని పడుకోబెట్టకుండానే, కొద్దిపాటి మత్తు ఇచ్చి నిలబెట్టి, చీలమండ ఎముకలో ఎక్కడ చురుగ్గా మార్పు జరుగుతోందో చూడొచ్చు.

2020లో గుర్రప్పందేల భద్రతకు అమెరికా చట్టం చేసింది. 2022 జులై నుంచి హిసా అనే సంస్థ కింద ఉమ్మడి భద్రతా నియమాలు అమల్లోకి వచ్చాయి. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే 14 రోజుల దాకా రేసుకు దింపకూడదన్నది వాటిలో ఒకటి. నొప్పి తెలియకుండా చేస్తే గుర్రం తన కాలిని తాను కాపాడుకోలేదు, అందుకు. 2023 వసంతంలో చర్చిల్ డౌన్స్‌లో వారాల్లోనే 12 గుర్రాలు చనిపోతే మిగతా సీజన్‌ను ఇంకో ట్రాక్‌కు మార్చేశారు. పాతరోజుల్లో ఊహించలేని నిర్ణయం. హిసా ట్రాక్‌లలో 2024 లెక్క వెయ్యి పరుగులకు 0.90. పాత డేటాబేస్ పరిధి, దీని పరిధి ఒకటే కాదు కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు. దిశ మాత్రం స్పష్టం.

బ్రిటన్‌లో చేసినవి చిన్నచిన్న మార్పులే గానీ తెలివైనవి. కంచెలు దూకుతూ పరిగెత్తే గ్రాండ్ నేషనల్ రేసులో కంచెల లోపలి గట్టి కర్రను తీసేసి వంగే పదార్థం పెట్టారు. 2024 నుంచి పోటీ గుర్రాల సంఖ్య 40 నుంచి 34కు తగ్గించారు. కంచెలకు దశాబ్దాలుగా వేసిన నారింజ రంగు గుర్రం కంటికి గడ్డి రంగులో కలిసిపోతుందని తేలి, దాన్ని తెల్లగా మార్చారు. మనిషికి బాగా కనిపించే రంగు వేసి, గుర్రం చూసుకోలేదని ఇన్నాళ్ళూ అనుకున్నారన్నమాట.

ఇవన్నీ చాలవని, పందేలే ఆపాలని అనేవాళ్ళ వాదనలో బలముంది. గుర్రం ఒప్పుకుని ట్రాక్ ఎక్కదు. వెయ్యి పరుగులకు ఒకటి అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఏడాదికి వేలాది రేసులు జరిగే దేశంలో అది వందల స్టాళ్ళు. అయితే పరిగెత్తించినవాళ్ళ కన్నీళ్ళు అబద్ధమనడం మాత్రం సరికాదు. ఒకే మనిషి గుర్రాన్ని ప్రేమించగలడు, దాని కాలి వేడిని పట్టించుకోకుండా రేసుకు ఒప్పుకోగలడు కూడా. రెండూ నిజమే. ఈ చావులు ఇన్నేళ్ళు సాగడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు, ప్రేమ ఉంది కదా అని లెక్క అడగకపోవడం.

కాలిఫోర్నియాలో ఇప్పుడు శవపరీక్ష నివేదిక వచ్చాక ట్రైనర్‌ను కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎముక ఫొటోలు ముందు పెడతారు. ఇక్కడ మెరుస్తున్నది కొత్త పగులు, దాని పక్కన నల్లగా ఉన్నది పాతది అని చూపిస్తారు. శిక్షణ షెడ్యూలు, వైద్యం రికార్డు తిరగేస్తారు. శిక్షించడానికి కాదు, తర్వాతి గుర్రానికి ఇలా కాకుండా చూడడానికి. ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ సైసుకు కూడా వేస్తే బాగుంటుంది. ఆ కాలు ఏ వారం నుంచి వేడెక్కుతూ వచ్చిందో కాగితాల్లో ఉండకపోవచ్చు. అతని అరచేతికి గుర్తుంటుంది.